త్రాగుడు మాన్పించు చదువు

ప్రతి సంవత్సరమును పరీక్షలు సమీపించు దినములలో పదవ తరగతి విద్యార్థులు మా యొద్దకు వచ్చి, ఇకముందు ఏ చదువు చదువవలెనని అడుగుచుందురు. ఇంజనీరింగు, వైద్యము, ఉపాధ్యాయ వృత్తి, పోలీసు ఉద్యోగము మున్నగువానిని గూర్చి అడిగినప్పుడు మేము తడుముకొనక ప్రత్యుత్తరమిచ్చుచుందుము. ఒక సంవత్సరము మాత్రము ఒక బాలుడు, తోటివారందరు వెడలిపోవువరకు వాకిటియొద్ద నిలిచి, పిమ్మట మెల్లగా “తాగుడు మాన్పించేదానికి ఏమన్నా చదువుందా సార్?” అని అడిగెను. అతని తండ్రి నాపరాతి గనిలో కూలి. ఆ కూలిడబ్బులో ఇల్లు చేరునది ఎంతయో ఆ బాలుని చొక్కాయే చెప్పుచుండెను. ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఆ బాలునికి చెప్పవలసినదానినే ఇప్పుడు విద్యార్థులకును, తల్లిదండ్రులకును, మాతోడి పనివారికిని ఉపయోగపడునట్లు ఈ వ్యాసమున విన్నవించుచున్నాము.

మేము చేసిన పొరపాటు

మొదట మా తప్పిదమును ఒప్పుకొనవలెను. కొన్ని సంవత్సరములకు పూర్వము మేము విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక పల్లెకు పోయి, త్రాగుడు వలని కీడులను గూర్చి సభ చేసితిమి. పాటలు పాడించితిమి, నాటకము ఆడించితిమి. సభ ముగియునప్పటికి పలువురు లేచి, ఇక సారా ముట్టమని ప్రమాణము చేసిరి. మేము సంతోషముతో ఇల్లు చేరితిమి.

వారిలో ఒకరు ఇరువది ఏండ్లుగా తెల్లవారినది మొదలు త్రాగువారు. వారు మాట తప్పలేదు. మరునాడు చేతులు వణకెను, ఒడలెల్ల చెమట పట్టెను. రెండవ రాత్రి మూర్ఛ వచ్చెను. మూడవనాడు గోడలమీద చీమలు ప్రాకుచున్నవని కేకలు వేయుచు, భార్యనే గుర్తింపలేకపోయిరి. ఇంటివారు దయ్యము పట్టినదని తలచి భూతవైద్యుని పిలిపించిరి. చిట్టచివరకు ఎవరో ఆసుపత్రికి చేర్చుటచేత ప్రాణము దక్కెను. విషయము తెలిసి మేము చూడబోగా, వైద్యులు “ఈయనను ఇంటియొద్దనే ఒక్కసారిగా మానుమని చెప్పినవారెవరు?” అని అడిగిరి. మేము తల వంచుకొంటిమి. మా ఉద్దేశము మంచిదే. కాని మాకు తెలియని పనిలో చేయి పెట్టితిమి. ఈ సేవకు జాలిగుండెతోపాటు శిక్షణ పొందిన చేయియు అవసరమని ఆనాడు నేర్చుకొంటిమి.

శరీరమున జరుగునది

మద్యము మెదడును మందగింపజేయు ద్రవ్యము. అది దినదినమును లోనికి పోవుచుండగా, మెదడు ఆ మందమును తట్టుకొనుటకై తన ఉద్రేకమును హెచ్చించుకొనును. ఇరువైపుల ఎద్దులు సమముగా లాగినంతకాలము బండి తిన్నగా నడచును. ఒక ఎద్దును హఠాత్తుగా విప్పివేసినచో రెండవది బండిని గోతిలోనికి లాగును. చిరకాలము విస్తారముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినప్పుడు జరుగునది ఇదియే. కొన్ని గంటలలో వణుకు, చెమట, వాంతి, నిద్రలేమి కలుగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము లోపల కొందరికి చిత్తభ్రమ కలుగును. దీనికి చికిత్స జరుగనిచో ప్రాణాపాయము. వైద్యులు ఉద్రేకమును తగ్గించు మందునిచ్చి, కొన్ని దినములలో దానిని క్రమముగా తగ్గించుకొని వచ్చెదరు. బి1 విటమిను కూడ ఇచ్చెదరు. త్రాగుబోతుల శరీరమున ఈ విటమిను కొరవడును. దాని లోపము జ్ఞాపకశక్తిని శాశ్వతముగా చెరుపగలదు.

అప్పుడప్పుడు కొంచెముగా త్రాగువారికి మానుటవలన ఈ అపాయము లేదు. నిద్ర లేచినవెంటనే త్రాగక చేయి కదలనివారికే ఇది ముఖ్యముగా వర్తించును. దీక్ష పూనువారును, ఉపవాసము చేయువారును, ప్రమాణము చేయువారును ఎవరైనను సరే, అట్టి స్థితిలో నున్నచో ముందుగా వైద్యుని చూడవలెను. మరియొక హెచ్చరిక. మన ఊళ్ల గోడలమీద “తెలియకుండా త్రాగుడు మాన్పింపబడును” అను ప్రకటనలు కానవచ్చుచుండును. కొందరిల్లాండ్రు అట్టి మందులను అన్నములో కలిపి పెట్టుచున్నారు. డైసల్ఫిరాము అను మాత్ర కడుపులో నుండగా మద్యము త్రాగినచో గుండెదడ హెచ్చి, రక్తపుపోటు పడిపోయి ప్రాణముమీదికి రావచ్చును. రోగికి తెలిపి, అతని సమ్మతితో, వైద్యుని పర్యవేక్షణలో ఇవ్వవలసిన మందు అది.

శరీరము కుదుటపడుటకు వారము పది దినములు చాలును. మనస్సు, ఇల్లు, స్నేహములు కుదుటపడుటకు సంవత్సరములు పట్టును. ఆ సంవత్సరములలో రోగికి తోడుగా నిలుచువాడే మేము చెప్పబోవు సేవకుడు.

చట్టములు వచ్చి పోయిన సీమ

మన సీమకు మద్యనిషేధము క్రొత్తది కాదు. మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి ప్రభుత్వము 1937లో సేలము జిల్లాయందు నిషేధమును ఆరంభించి, 1938లో దానిని చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసెను. 1948 నాటికి అది రాష్ట్రమంతట అమలులోనికి వచ్చెను. 1953లో ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా ఏర్పడెను. మరుసటి సంవత్సరము నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధ విషయమునుబట్టియే శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడులలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు వర్ధినేని రోశమ్మగారితో కలిసి సారా దుకాణమును మూయించిరి. ఆ ఉద్యమఫలముగా 1993 అక్టోబరు 1న సారాయు, 1995 జనవరి 16న సమస్త మద్యమును నిషేధింపబడెను. 1997లో ఆ సంపూర్ణ నిషేధము సడలింపబడెను.

చట్టములవలన మేలు లేదని మేము చెప్పము. దూబగుంట స్త్రీల ధైర్యము చిరస్మరణీయము. అయితే చట్టము దుకాణపు తలుపును మూయగలదు. వణకుచున్న మనుష్యుని ప్రక్కను కూర్చుండలేదు. దుకాణము మూసిన దినమున ఆ మనుష్యుని చూచుకొనువారు ఎందరని ఎవరును లెక్కింపలేదు. 2019లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన సర్వేక్షణమునుబట్టి, దేశమున 10 మొదలు 75 ఏండ్ల వయసుగలవారిలో నూటికి 14.6 మంది మద్యము సేవించుచున్నారు. మద్యమునకు పూర్తిగా బానిసలైనవారిలో ఏదో యొక చికిత్స పొందినవారు 38 మందికి ఒక్కరు మాత్రమే. తక్కిన 37 మందిని చేరవలసినవారిని తయారు చేయుటయే మన ముందున్న పని.

సేవకుడు చేయు పని

ఈ వృత్తిలోనివారిని సామాన్యముగా కౌన్సెలరు లేక సోషల్ వర్కరు అందురు. వారి పని ఉపన్యాసమిచ్చుట కాదు, వినుట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో వెలువరించిన పది ప్రశ్నల పట్టిక యొకటి కలదు. ఎంత త్రాగుదురు, ఎన్ని దినములకొకసారి త్రాగుదురు, ఉదయము త్రాగక ఉండగలరా మొదలగు ప్రశ్నలకు మార్కులు వేసి, మొత్తము 40కి కూడుదురు. 8 వచ్చినచో జాగ్రత్తపడవలెను. 20 దాటినచో వైద్యునియొద్దకు పంపవలెను. ఈ ప్రశ్నలను గద్దించినట్లు గాక, ఆప్తుడు అడిగినట్లు అడుగుటయే ఒక విద్య.

రెండవది, మార్పునకు కారణమును రోగి నోటనే పలికించుట. “ఎందుకు త్రాగుచున్నావు?” అని నిలదీసినచో ఎవడైనను సాకు చెప్పును. “త్రాగుడు వలన మీరు పోగొట్టుకొన్నదేమి? మానినచో మొదట ఏమి చేయదలచెదరు?” అని అడిగి ఓపికతో నిరీక్షించినచో, కూతురి పెండ్లినో కుమారుని చదువునో అతడే ఎత్తును. ఎదుటివాడు చెప్పిన కారణముకన్న తాను చెప్పుకొన్న కారణమే మనుష్యుని ఎక్కువకాలము నిలుపును.

మూడవది, అపాయపు సమయములను ముందుగా గుర్తించుట. రాళ్లు మోసి నడుము విరిగిన కూలివాడు నొప్పి మరచుటకు త్రాగును. అట్టివానికి ముందు నొప్పికి చికిత్స కావలెను. కూలి ముట్టిన సాయంకాలము ఏ దారిన ఇల్లు చేరవలెను, పెండ్లిలో బావమరది గ్లాసు చేతికిచ్చినప్పుడు ఏమని చెప్పవలెను, జాతరనాడు ఎవరి తోడు ఉండవలెను అని ముందే కూర్చుండి ఆలోచించుకొనవలెను. కర్నూలు జిల్లా పడమటి మండలములనుండి ప్రతి సంవత్సరమును వేలకుటుంబములు మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు సుగ్గికి పోవుచున్నవి. ఊరు విడిచిన రోగి మందును విడువకుండ చూచుట, పోయినచోట ఏ ఆసుపత్రికి పోవలెనో చెప్పి పంపుట, ఫోనులో మాటలాడుచుండుట మన సీమ సేవకుని ప్రత్యేక ధర్మములు.

నాలుగవది, ఇంటివారిని ఆదుకొనుట. అప్పులు తీర్చితీర్చి, అబద్ధములు చెప్పిచెప్పి, దెబ్బలు దాచిదాచి అలసిపోయిన భార్యకును, భయముతో చదువు మాని మూలకు చేరిన బిడ్డకును ధైర్యము చెప్పవలెను. పొదుపు సంఘపు స్త్రీలు, ఆశా కార్యకర్త, బడి ఉపాధ్యాయుడు, వీరిని ఒక చేయిగా కూర్చవలెను. విన్నదానిని ఊరిలో చెప్పరాదు. రోగి రహస్యమును కాపాడవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము విధించుచున్నది. తన శక్తికి మించిన సంగతులను, అనగా మూర్ఛ, కామెర్లు, ఆత్మహత్యా ప్రయత్నము వంటివానిని, తక్షణమే వైద్యునికి అప్పగింపవలెను. ఎంతవరకు తాను, ఎక్కడనుండి వైద్యుడు అను హద్దు తెలియుటయే శిక్షణయొక్క మొదటి ఫలము. సభ నడిపిననాడు మాకు తెలియనిది ఈ హద్దే.

శిక్షణకు దారులు

పదవ తరగతి ముగించినవారు ఇంటర్మీడియేటులో ఏ గ్రూపు తీసికొన్నను ఈ దారి మూసికొనిపోదు. వైద్యుడుగానో నర్సుగానో కాదలచినవారికి జీవశాస్త్రము అవసరము. తక్కినవారు బి.ఏ. లో మనస్తత్వశాస్త్రము, సమాజశాస్త్రము వంటివానిని తీసికొనవచ్చును. పిమ్మట ముఖ్యమైన దారి రెండు సంవత్సరముల ఎం.ఎస్.డబ్ల్యు., అనగా సోషల్ వర్కులో ఎం.ఏ. వంటి పట్టము. అనంతపురములోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయము, విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఈ విద్యకు శాఖలు గల సంస్థలు. ఈ చదువులో పుస్తకములతో సమానముగా క్షేత్రానుభవము ఉండును. విద్యార్థి ఆసుపత్రికో పల్లెకో పోయి, పెద్దల పర్యవేక్షణలో పని చేసి, చేసినదానిని వ్రాసి చూపవలెను.

భారతదేశమున ఈ విద్య 1936లో బొంబాయిలో నెలకొల్పబడిన సర్ దొరాబ్జీ టాటా సోషల్ వర్కు పాఠశాలతో ఆరంభమైనది. నేటి టాటా సామాజిక శాస్త్రముల సంస్థ అదియే. దాని మొదటి అధిపతి క్లిఫర్డ్ మాన్‌షార్ట్ గారు అమెరికా మిషనరీ. బొంబాయి నాగపాడా పేటలో కూలివారి మధ్య సేవ చేయుచు, శిక్షణ లేని సేవ చాలదని గ్రహించి వారు ఆ పాఠశాలకు పూనుకొనిరి. మా మిషను పనివారు ఈ సంగతి గమనింతురుగాక.

పట్టము పొందిన పిమ్మట వ్యసనచికిత్సయందే ప్రత్యేక శిక్షణ పొందగోరువారికి బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ మన సీమకు సమీపముననే కలదు. అచ్చట వ్యసనవైద్యమునకు ప్రత్యేక కేంద్రమును, మానసిక రోగులకు సంబంధించిన సోషల్ వర్కు శాఖయు కలవు. ఢిల్లీలోని జాతీయ సాంఘిక రక్షణ సంస్థ వ్యసనవిముక్తి కేంద్రముల పనివారికి స్వల్పకాలిక శిక్షణ లిచ్చుచున్నది. మద్రాసులో, అనగా నేటి చెన్నైలో, శాంతీ రంగనాథన్ గారు త్రాగుడువలన భర్తను పోగొట్టుకొని, 1980లో ఆయన పేరిట టి.టి. రంగనాథన్ సంస్థను స్థాపించిరి. అది వేలమందికి చికిత్స నిచ్చుటయే గాక, ఇతర కేంద్రముల పనివారికి శిక్షణయు ఇచ్చినది. 1992లో ఆమెకు పద్మశ్రీ లభించెను. తన యింటి దుఃఖమును ఇతరుల యిండ్లకు వైద్యముగా మార్చిన ఆ తల్లి చరిత్ర ప్రతి విద్యార్థినియు తెలిసికొనదగినది.

పెద్ద చదువులు చదువలేనివారికిని స్థానము కలదు. నర్సులు, ఆసుపత్రి సహాయకులు, ఆశా కార్యకర్తలు లేక ఈ పని సాగదు. స్వయముగా త్రాగి, మాని, నిలద్రొక్కుకొన్నవారు కూడ శిక్షణ పొంది తోటివారికి దారి చూపుచున్నారు. 1935లో అమెరికా దేశపు ఏక్రన్ పట్టణమున ఒక షేర్ల వ్యాపారియు, ఒక శస్త్రవైద్యుడును, ఇరువురును త్రాగుడునుండి బయటపడగోరినవారే, ఒకరికొకరు తోడై ఆరంభించిన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘములు నేడు మన దేశపు పట్టణములలోను జరుగుచున్నవి. అయితే స్వానుభవము వైద్యజ్ఞానమునకు మారు కాదని వారును ఎరుగుదురు.

భాషయు ఒక సాధనమే. ఆదోని వైపు కన్నడము, కర్నూలు కడప పట్టణములలో ఉరుదు, తండాలలో లంబాడీ మాట తెలిసిన సేవకుడు సగము పనిని ముందే చేసినవాడగును. ఈ భాషలు ఇంటిలో మాటలాడు విద్యార్థులు వానిని లోటుగా తలపక, సొత్తుగా ఎంచుకొందురుగాక.

కష్టములు దాచము

ఈ వృత్తిలో వేతనము స్వల్పము. పెక్కు ఉద్యోగములు ఒప్పందపు పద్ధతిని సాగుచున్నవి. నిధులు ఆలస్యమైనచో జీతములును ఆలస్యమగును. నెలలతరబడి శ్రమపడి నిలిపిన మనుష్యుడు ఒక సాయంకాలమున మరల త్రాగి వచ్చును. అప్పుడు సేవకుడు తన శ్రమ వ్యర్థమైనదని విసుగుకొన్నచో, రోగి సిగ్గుతో మరల రాడు. ఈ వ్యాధిలో తిరుగబెట్టుట సాధారణము. మధుమేహము గలవానికి చక్కెర హెచ్చినప్పుడు వైద్యుడు వానిని వెడలగొట్టడు గదా! ఎక్కడ జారెనో చూచి, ఆ మెట్టును గట్టిచేసి, మరల ఎక్కించవలెను. ఇతరుల దుఃఖమును దినమంతయు వినువాడు తన మనస్సును కూడ కాపాడుకొనవలెను. అందుకే మంచి కేంద్రములలో పెద్దలతో కూర్చుండి బరువు దించుకొను అలవాటు ఉండును. ఇవన్నియు తెలిసియు వచ్చువారే ఈ పనికి కావలసినవారు.

ముగింపు

ఇప్పుడు మా విద్యార్థులతో ఒక మాట. మీలో కొందరి యిండ్లలో ఈ వ్యాధి కలదని మాకు తెలియును. తండ్రి త్రాగుట బిడ్డ తప్పు కాదు. సీసాలు పారబోయుట, తండ్రితో కలహించుట, ఆయనను దుకాణమునుండి ఈడ్చుకొని వచ్చుట మీ పనులు కావు. మీరు నమ్మిన ఉపాధ్యాయునితో చెప్పుడు. వ్యసనముల విషయమై 14446, మనోవ్యథ విషయమై 14416 అను సంఖ్యలకు ఎవరైనను డబ్బు లేకయే ఫోను చేయవచ్చును. ఇంటివారు కర్నూలు పెద్దాసుపత్రివంటి ప్రభుత్వాసుపత్రులలోని మానసిక వైద్యశాఖకు పోవచ్చును. తల్లిదండ్రులకు మనవి: సిగ్గుచేత దాచిన రోగము ముదురును, చూపించిన రోగము కుదురును.

వాకిటియొద్ద నిలిచిన ఆ బాలుని సంగతి చెప్పి ముగించెదము. ఈసారి మేము ఉపన్యాసమీయలేదు. అతని తండ్రిగారిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోతిమి. వారు మానిరి, ఉగాదికి ఒకసారి జారిరి, మూడవనాడు తామే మరల ఆసుపత్రికి వచ్చిరి. ఇంకను పోవుచున్నారు. బాలుడు ఇంటర్మీడియేటు ముగించి, బి.ఏ. లో మనస్తత్వశాస్త్రము తీసికొన్నాడు. మొన్న మమ్ము చూడవచ్చినప్పుడు అతడు వేసికొన్న చొక్కా క్రొత్తది. నాయన కూలిడబ్బుతో కొని యిచ్చినదని తానే చెప్పెను.

ఆ బాలుని ప్రశ్నకు మా సమాధానమిది: అవును నాయనా, చదువు కలదు. మన సీమలో దానిని చదివినవారు చాల తక్కువ. వారికొరకు కనిపెట్టుకొనియున్న యిండ్లు చాల ఎక్కువ.